పొయ్యెక్కని తీపి

"ఈ డబ్బా సొట్టపోయి ఉండాదే మునీరా! లోపల పాలు విషమైపోయుంటే? తిన్నోళ్ళకి ఏమన్నా అయితే మనల్ని ఊళ్ళో ఉండనిస్తారా?"

ఇంకా ఆ డబ్బాకి మేకు కూడా దించలేదు. మా అమ్మాయి బిస్కెట్ల పొట్లాలు విప్పతా నవ్వింది.

"పని మొదలు కాకముందే నీకు శవం లేస్తాదమ్మా."

"నోరు ముయ్యి. రేపు పండగ పెట్టుకోని ఏం మాటలవి!"

మునీరా ఆత్మకూరులో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదవతా ఉంది. రంజానుకి ఉదయగిరి వచ్చింది. అక్కడ కుట్లు నేర్పే టీచరమ్మ ఈ పలహారం నేర్పిందంట. బిస్కెట్లు పొడి కొట్టి, కోకో పొడి కలిపి, డబ్బాలో అమ్మే తీపిపాలు పోసి ఉండలు చుట్టేదే. పైన కొబ్బరిపొడి. పొయ్యి అక్కర్లేదు, నూనె అక్కర్లేదు. మా ఆయన కరీముల్లా లారీ తోలతాడు. కూతురు అడిగిందని మద్రాసు నించి అన్నీ తెచ్చినాడు. తెచ్చినాడు గానీ, ఆ డబ్బాని సీటు కింద పడేసి దారిపొడుగునా దొర్లించినాడు. దాని నడుము సొట్టపోయింది అందుకే.

ఈ పలహారానికి పొయ్యి అక్కర్లేదని టీచరమ్మ చెప్పంగానే మునీరాకి పెంచలమ్మత్త గుర్తొచ్చిందంట.

పెంచలమ్మత్త మా పక్కింటామె. మునీరా పుట్టిన ఏడు బిడ్డకి వాంతులూ విరేచనాలూ పట్టుకోని కళ్ళు తేలేసింది. మా ఆయన ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియదు. నేను ఏడస్తా కూర్చుంటే, ఆమె బిడ్డని పైట కింద పెట్టుకోని రోడ్డుకి అడ్డం నిలబడి చింతపండు లారీని ఆపింది. ఆత్మకూరు ఆసుపత్రికి చేర్చింది. పాలూ నీళ్ళూ బాగా కాంచి పట్టమని డాక్టరు చెప్పినాడు. ఆ రోజు నించి కాంచకుండా నేను ఎవరికీ పాలుగానీ నీళ్ళుగానీ ఇచ్చింది లేదు.

అట్టాంటి మనిషి మా ఇంట్లో మెతుకు ముట్టదు. పగేం కాదు, వాళ్ళింటి పద్ధతి. పండక్కి మేము పచ్చి సేమ్యా, చక్కెర, జీడిపప్పు పళ్ళెంలో పెట్టి పంపిస్తాము. ఆమె తన పొయ్యి మీద వండుకోని తింటుంది. కాయో పండో అయితే మా చేత్తో ఇచ్చినా తీసుకుంటుంది. ఆమె ఇంటి నించి వచ్చే పులిహోర, బూరెలు మేము తినేస్తాము. నాకది అలవాటైపోయింది. నా కూతురికి కాలేదు.

"నన్ను బతికించిన అవ్వ నా చేతి కూడు తినకపోతే ఎట్టామ్మా?" అనేది.

ఈ తడవ రాంగానే పోయి అడిగేసింది. పెంచలమ్మత్త చానాసేపు ఆలోచించి, "పొయ్యెక్కంది కాయతో సమానమే. చెయ్యి, తింటా," అన్నిందంట. అప్పటి నించి మా పిల్ల కాళ్ళు నేల మీద ఆనలేదు.

నాకేమో గుండెల్లో రాయి పడింది.

"బిస్కెట్టు మాత్రం పొయ్యి మీద కాలింది కాదా?" అన్నాను.

"అది కంపెనీ పొయ్యి. అవ్వ రోజూ టీలో ముంచుకోని తింటా ఉండాదిగా!"

రోట్లో బిస్కెట్లు వేసి దంచినాను. మునీరా జల్లెడ పట్టింది. అప్పుడు చూసుకుంటే కొబ్బరి చాల్లేదు. గౌస్ మొహిద్దీన్ అంగడికి పోయొస్తానని పిల్ల పరిగెత్తింది.

ఆ డబ్బా, నేను మిగిలినాము.

మేకుతో రెండు బొక్కలు పొడిచినాను. పాలు చిక్కగా, పసుపుగా జారినాయి. పాలకి ఆ పసుపు రంగు ఎందుకు? వాసన చూసినాను. ఇనప వాసనో, నా భయమో. ఇద్దరమూ ఒక్కపొద్దు. నాలిక్కి తగిలించి చూసే దారి లేదు. సాయంత్రం దాకా మా ఇంట్లో ఎవరూ నోట పెట్టరు. అంటే వీటిని ముందు తినేది పెంచలమ్మత్తే.

సీతారామపురంలో ఒక పెళ్ళిలో పాయసం తిని జనం పడిపోయినారని విన్న మాట గుర్తొచ్చింది. ముసలామె ప్రాణం. ఇన్నేళ్ళ తరవాత మా ఇంటిది మొదటిసారి తిని, ఆ పూటే ఆమెకి విరేచనాలు పట్టుకుంటే? "తురకోళ్ళ తిండి తినింది, పోయింది," అనరా? అనేవాళ్ళ సంగతి తరవాత, ఆమె లేకుండా నేనీ వీధిలో ఎట్టా బతికేది?

గిన్నెలో పాలు పోసినాను. కిరసనాయిలు స్టవ్వు ముట్టించినాను. బుడగలొచ్చేదాకా తిప్పతానే ఉన్నాను. బాగా కాగినాక నా ఊపిరి నాకొచ్చింది. గిన్నెని చన్నీళ్ళలో పెట్టి చల్లార్చి, పొడిలో కలిపేసినాను. పిసకతా ఉంటే అప్పుడు తట్టింది, నేను చేసిన పని ఏందో.

మునీరా వచ్చింది. "ఏందమ్మా, కిరసనాయిలు వాసన?"

"లాంతర్లో పోసినా."

అబద్ధం! ఒక్కపొద్దుండి అబద్ధమాడినాను. నిజం చెపుదామంటే పిల్ల మొహం వెలిగిపోతా ఉండాది. మళ్ళీ చేద్దామంటే ఇంకో డబ్బా లేదు. ఆమెకి తెలియదులే అని మనసు చెప్పింది. తెలియకుండా ఒకరి నియమం చెడగొడితే ఆ పాపం ఎవరికి తగలతాదో కూడా అదే మనసు చెప్పింది. నేను చుట్టిన ఉండలు ఒకటి ఉసిరికాయంత, ఒకటి నిమ్మకాయంత వచ్చినాయి.

"చిన్నయీ పెద్దయీ చేస్తావేంది?" అని మునీరా నా ఉండల్ని మళ్ళీ చుట్టింది. పళ్ళేన్ని నీళ్ళ కుండ కింద తడి ఇసకలో పెట్టినాము, గట్టిపడాలని.

పొద్దు వాలతా ఉండంగా పిల్ల పళ్ళెం ఎత్తుకోని బయలుదేరింది. నేనూ వెనకాలే పోయినాను. పెంచలమ్మత్త అరుగు మీద కూర్చోని చింతకాయలు ఒలస్తా ఉంది. చేతులు కడుక్కోని పళ్ళెంలోకి తొంగి చూసింది.

"ఏందే ఇవి? కొబ్బరి చల్లిన మేక పెంటికల్లా ఉండాయి!"

"పో అవ్వా! తిని చెప్పు."

"నువ్వు తినకుండా ముందు నన్ను తినమంటావా? విషం పెట్టినావేమే!"

ఆమె నవ్వింది, పిల్ల నవ్వింది.

పెంచలమ్మత్త ఒక ఉండ తీసుకోనింది. కళ్ళకద్దుకోనింది. ఆమె కాయని కూడా అట్టా కళ్ళకద్దుకోంగా నేనెప్పుడూ చూళ్ళేదు. చెయ్యి నోటి దాకా పోయింది.

"అత్తా, ఆగు!"

ఆ అరుపు నాదేనని నాకే తెలియలేదు.

"పాలు కాంచినాను అత్తా. మా స్టవ్వు మీద. డబ్బా సొట్టపోయి ఉంటే, నీకేమన్నా అయితాదేమోనని భయమేసింది. పిల్లకి తెలియదు. దాని తప్పేం లేదు."

మునీరా నా వైపు తిరిగింది. ఆ చూపు నేను చెప్పలేను.

"లాంతర్లో పోసినా అన్నావే," అనింది మెల్లిగా.

నేను తల వంచుకున్నాను. పెంచలమ్మత్త చెయ్యి నోటి దగ్గరే నిలిచిపోయింది. వింజమూరు బస్సు దుమ్ము లేపుకుంటా పోయింది. ఆ దుమ్ము అణిగినాక ఆమె చెయ్యి దించి, ఆ ఉండని మునీరా అరచేతిలో పెట్టి, పిల్ల వేళ్ళు మూసింది. మళ్ళా చింతకాయ ఒకటి తీసుకోనింది. ఒలిచింది. ఇంకోటి ఒలిచింది.

అయిపోయింది, అనుకున్నాను. రేపటి నించి ఈ అరుగు మీద నాకు చోటు లేదు. పచ్చి సేమ్యా కూడా తీసుకోదేమో. పిల్ల కన్నీళ్ళు పళ్ళెంలో పడతా ఉంటే తుడవను కూడా నాకు చెయ్యి రాలేదు. "అత్తా, తిట్టన్నా తిట్టు," అన్నాను. మసీదు నించి అజాన్ వినపడింది. ఒక్కపొద్దు విడవాల్సిన వేళ. మేమిద్దరం కదల్లేదు. ఇంట్లో ఖర్జూరాలు అట్టాగే ఉండిపోయినాయి.

పెంచలమ్మత్త ఒలిచిన చింతకాయల్ని చాటలో కుప్ప చేసింది. లేచి లోపలికి పోయి, చెంబుతో మంచినీళ్ళు తెచ్చి మా ముందర పెట్టింది. తాగినాము. ఆమె నిలబడి చూస్తా ఉండాది. మునీరా చెంబు దించినాక, దాని చేతిలో కరిగిపోతా ఉన్న ఉండని చూపించి తినమని సైగ చేసింది. పిల్ల తినింది. ఆమె పిల్ల మొహాన్నే చూస్తా ఉంది, రుచి అక్కడ కనపడతాదేమోనన్నట్టు.

అప్పటికి నోరు తెరిచింది.

"రహీమా, మీ ఆయన మళ్ళా మద్రాసు పోతే ఇంకో డబ్బా తెమ్మను. వంటింట్లో మా పొయ్యి ఉండాది. నీకంత భయంగా ఉంటే దాని మీద కాంచు, నీ చేత్తోనే. వచ్చేటప్పుడు కాళ్ళు కడుక్కోని రా."