విటమినే కదా

మేనేజరు ఆమె చేతికి మైకు అందించాడు. ఎదురుగా ప్యాకింగు షెడ్డులో ఆడవాళ్ళంతా పని ఆపి నిలబడ్డారు. గొట్టం మాత్రల్లో పొడి నింపే యంత్రాన్ని కాసేపు ఆపారు. బల్లల మీద, ట్రేల అంచుల్లో, ఆఖరికి వాళ్ళ కనురెప్పల మీద కూడా లేత పసుపురంగు పొడి. ముక్కులకు కట్టుకున్నవి ఇళ్ళ నుంచి తెచ్చుకున్న పాత గుడ్డపీలికలు.

వెనక వరసలో ఆమె చెల్లెలు ఉంది.

అక్క జీవరసాయన పరిశోధకురాలు. విటమిన్ ఎ కుటుంబానికి చెందిన రెటినాయిడ్ల మీదే ఆమె పనంతా. అవి మొండి చర్మరోగాలను ఎలా లొంగదీస్తాయో చూపిస్తూ రాసిన మొదటి వ్యాసానికి ఆ మందే తయారుచేసే ఈ ఫ్యాక్టరీవాళ్ళు అద్దం కట్టించి ఆఫీసు గోడకు తగిలించారు. ఆ తరువాత అచ్చయిన వ్యాసం జోలికి ఎవరూ పోలేదు. కడుపుతో ఉన్న ఎలుకలకు అదే మందు పెడితే ఎలాంటి పిల్లలు పుట్టాయో అందులో ఉంది. కొన్నిటికి చెవులు లేవు. కొన్ని అంగిలి చీలి, పాలు తాగలేక చచ్చిపోయాయి.

ఈమధ్య షెడ్డులో ఇద్దరికి కడుపు నిలవలేదు. ఈ పొడి వల్లేనేమోనని గుసగుసలు బయలుదేరాయి. పెద్ద చదువు చదివినావిడ వచ్చి ఒక మాట చెబితే అన్నీ సద్దుమణుగుతాయనుకుంది యాజమాన్యం. ఆమె ప్రయోగశాల నడిచేది ఈ ఫ్యాక్టరీ దయ మీదే. ఆమె ఉద్యోగపు గడువు కూడా దగ్గర పడింది. పొద్దున ఆమె పై అధికారి అయిన ప్రొఫెసరు గదికి పిలిచి, అబద్ధం చెప్పమనడం లేదనీ, మొదటి వ్యాసంలో ఉన్నదేదో చెప్పి వచ్చెయ్యమనీ మెత్తగానే అన్నాడు. ఆమె తలూపి బయలుదేరింది.

గేటు దగ్గర చెల్లెలు కాచుకుని ఉంది. చెయ్యి పట్టుకుని నీళ్ళ ట్యాంకు చాటుకు లాక్కుపోయి, నెల తప్పిందని చెప్పింది. ఎన్నాళ్ళకో నిలిచిన కడుపు. సంగతి బయటపడితే పన్లో ఉంచుకోరు. చెల్లెలి మొగుడు నడుం దెబ్బతిని మంచం పట్టాక ఇల్లు గడుస్తున్నది ఆ జీతంతోనే.

"అక్కా, నీకు దణ్ణం పెడతా, లోపల నా వంక చూడకు. విటమినే కదా, ఏం కాదు." గొంతు తగ్గించి అడిగింది. "ఏం కాదు కదా?"

జవాబు చెప్పేలోగా గంట కొట్టారు.

ఇప్పుడు మైకు ముందు ఆమె చర్మరోగాల గురించి మొదలుపెట్టింది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. ముందు వరసలో ఒకామె, అదంతా తమకెందుకనీ, కడుపుకేమైనా అవుతుందా లేదా చెబితే చాలనీ అడిగింది. మేనేజరు నవ్వుతూ, ఒక్క ముక్కలో తేల్చెయ్యమన్నాడు.

ఆమె చూడకూడదనుకుంటూనే వెనక వరస వంక చూసింది. చెల్లెలు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

"ఇది విటమిన్ జాతిదే. కానీ కడుపుతో ఉన్నవాళ్ళు ఈ పొడి పీల్చకూడదు. కడుపు పోవచ్చు, బిడ్డ అవకరంతో పుట్టొచ్చు. గోడకి తగిలించింది నేను రాసిందే, ఇదీ నేను రాసిందే."

మైకు ఆమె చేతిలోంచి మేనేజరు చేతిలోకి వెళ్ళిపోయింది. ఆయన నవ్వు మాత్రం చెదరలేదు.

"విన్నారుగా. కడుపుతో ఉన్నవాళ్ళెవరో ముందుకి రండమ్మా, ఇవాళే లెక్క తేల్చి పంపించేస్తాం. మిగతావాళ్ళు పన్లోకి."

ఎవరూ కదల్లేదు. చెల్లెలి ముఖంలో నెత్తురుచుక్క లేదు. నోరు మూసుకుని ఉంటే బిడ్డకు ముప్పు. నోరు తెరిచినందుకు బువ్వకే ఎసరు పెట్టానా అనుకుంది అక్క.

యంత్రం మళ్ళీ మొదలైంది. గొట్టంలోంచి పొడి రాలుతోంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే తలలు వంచుకుని బల్లల దగ్గరికి వెళ్ళారు. చెల్లెలు కూడా వెళ్ళింది. అందరి చేతులూ ట్రేల్లోకి వెళ్ళాయి, ఆమెవి తప్ప. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

అది చూసి పక్క బల్ల ఆమె కూడా తన చేతులు పైకి తీసింది.

నిమిషం ఆగినా ఊరుకోడని గడియారం అంటూ వాళ్ళు చాటుగా పిలుచుకునే సూపర్‌వైజరు వరస దాటుకుంటూ అటే వస్తున్నాడు. అక్క కూడా బల్లల మధ్యనుంచి అటే నడిచింది.