గేటు రంగూ, బక్కయ్య ఆవూ

ఆ గేటు నీలమే. ఇప్పటికీ ఎవరి ముందైనా చెబుతాను. మా ఆవిడ కామేశ్వరి మాత్రం దాన్ని ఆకుపచ్చ అంటుంది. డబ్బా మీద రామా గ్రీన్ అని రాసి ఉందని ఆవిడ వాదన. డబ్బా మీద ఏనుగు బొమ్మ కూడా ఉంది. అంతమాత్రాన మా గేటు ఏనుగైపోతుందా?

పెళ్ళయిన నాటి నుంచీ ఇదే తంతు. నేను వంకాయరంగని కొన్న చీర ఆవిడకు నేరేడుపండు రంగు. ఆవిడ మెంతిరంగన్న చొక్కా నాకు ఆవపిండిలా కనిపిస్తుంది. కాకినాడలో మొదలైన ఈ తగువును అద్దె ఇళ్ళన్నీ తిప్పి, చివరికి హైదరాబాదు శివార్లలోని కండ్లకోయలో కట్టుకున్న సొంతింటి గేటుకు తగిలించాం.

గృహప్రవేశం శుక్రవారం ఉదయం. మాకంటే ముందు ఆవు లోపల అడుగుపెట్టాలి. పైగా ఆవు ఇంట్లో పేడ వేస్తే లక్ష్మి తిష్ఠ వేసినట్టేనని మా అత్తగారు కూతురికి చిన్నప్పుడే నూరిపోశారు. అద్దె ఇళ్ళలో ఉన్నన్నాళ్ళూ కామేశ్వరిది ఒకటే కోరిక. "నాకు నగలొద్దు, నాణ్యాలొద్దు. సొంతింటి హాల్లో ఆవు పేడ వేస్తే చాలు" అనేది.

ఊళ్ళో ఆవులున్న బక్కయ్యను మాట్లాడాను. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"సారూ, గల్లీలకొచ్చిన. ఇల్లేది?"

"నీలం గేటు" అని పెట్టేశాను.

వెంటనే కామేశ్వరి అతనికి ఫోన్ చేసి "ఆకుపచ్చ గేటు, బాబూ" అని చెప్పిందట. ఆ ముక్క నాకు తర్వాత తెలిసింది.

పంతులుగారు మాటిమాటికీ గడియారం చూస్తున్నారు. నా చేతిలో దేవుడి పటం, ఆవిడ చేతిలో పాలగిన్నె. ఆవు జాడ లేదు. మళ్ళీ ఫోన్ చేశాను.

"ఏంది సారూ, ఇంట్లనే ఉన్న గదా! మీరే కనబడ్తలేరు."

పటంతో సహా వీధిలోకి పరుగెత్తాను. కాస్త అవతల, కాలేజీ బస్సు నడిపే బాలేష్ ఇంటి గేటు బార్లా తెరిచి ఉంది. అది ఆకాశనీలం. హాలు మధ్యలో బక్కయ్య ఆవు. బాలేష్ భార్య రోజారాణి దాని నుదుట కుంకుమ పెట్టి బెల్లం తినిపిస్తోంది. ఆవు వెనకాల, అప్పుడే తుడిచిన బండల మీద, కావలసిన శుభకార్యం కూడా జరిగిపోయి ఉంది.

"శుక్రారం పూట పిలవకుంటనే లచ్చిందేవి ఇంట్లకొచ్చింది సారూ!" అంది రోజారాణి సంబరంగా.

"సారు నీలమన్నడు, అమ్మ ఆకుపచ్చ అన్నది. పరేషానయ్యి, ముందుగాల సెప్పినోళ్ళ మాట పట్టుకున్న" అన్నాడు బక్కయ్య.

నా వెనకే వచ్చిన కామేశ్వరి ఆ గేటును చూసింది, తర్వాత నన్ను చూసింది. "నీలమంటే ఏమిటో ఆవుకు తెలిసింది, మీకు తెలియలేదు."

ముహూర్తం దాటకముందే ఆవును తోలుకొచ్చి మా గుమ్మం దాటించాం. అరటిపళ్ళు పెట్టాం, గడ్డి పెట్టాం, బతిమాలాం. ఉన్న సరుకంతా అక్కడే దించుకుని వచ్చిన ఆవు మా ఫ్యాను కేసి చూస్తూ నిలబడింది. కామేశ్వరి ఏడ్చేసింది. తిట్టినా బాగుండేది. నాకు ప్రాణం చివుక్కుమంది.

అప్పుడు గేటు చప్పుడైంది. రోజారాణి తలమీద కొంగు కప్పుకుని వచ్చింది. చేతిలో పళ్ళెం, అందులో విస్తరాకు, దాని మీద కుంకుమబొట్టు పెట్టిన పేడ.

"సగం తెచ్చిన అక్కా. లచ్చిందేవిని మేమొక్కలమే దాసుకుంటమా?"

కామేశ్వరి కళ్ళు తుడుచుకుని కొంగు పట్టింది. ఇద్దరూ ఎంతో శ్రద్ధగా "ఇస్తినమ్మ వాయనం", "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనుకున్నారు. దీనికి ఏ మంత్రం చదవాలో తెలియక పంతులుగారు దగ్గారు.

ఆ విస్తరిని హాల్లో పెట్టి కామేశ్వరి మురిసిపోయింది. "ఎంత బాగుందండీ రంగు!"

నాకు భయం వేసింది. "ఏ రంగు?" అన్నాను మెల్లగా.

"పేడరంగు."

వంగి చూశాను. పేడరంగే! మా కాపురంలో ఇద్దరికీ ఒకేలా కనిపించిన మొదటి రంగు.

మర్నాడే పెయింటర్‌ను పిలిపించాం. ఇప్పుడు మా గేటుకు ఆ రంగే. ఎవరడిగినా ఇద్దరం ఒకే మాట చెబుతున్నాం. ఆ పూత కింద ఉన్నది మాత్రం నీలమే.