నడక మానేసిన మంచు

బాకిర్ మరో రాయి ఎత్తి గుట్ట మీద పెట్టి, కుదురుకుందో లేదోనని అరచేత్తో ఊపి చూశాడు. తండ్రి నేర్పిన పని ఇదొక్కటే. గడ్డం నెరిసినా ఇదే చేస్తున్నాడు. ఏటా వేసవి మొదట్లో హిమానీనదం మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా రాళ్ళ గుట్టలు పేర్చి దారి గుర్తులు పెట్టాలి. ఆ గుర్తులు పట్టుకుని ఊరి ఆడవాళ్ళు, జడలబర్రెకూ ఆవుకూ పుట్టిన జోమోలను ఆవలి పచ్చికకు తోలుకుపోతారు. వేసవంతా అక్కడే పాలు పితికి, వెన్న తీసి, చలి మొదలయ్యాక దిగివస్తారు.

మంచు అన్న మాటే గాని అక్కడ కంటికి మంచు కనబడదు. కొండల మీంచి రాలిన రాళ్ళూ మట్టీ దాన్ని ఏనాడో కప్పేశాయి. ఊళ్ళో దీన్ని మగ మంచు అంటారు. తెల్లగా మెరుస్తూ ధారాళంగా నీళ్ళిచ్చేది ఆడ మంచు. మగ మంచు నల్లనిది, మొండిది, ఎండకు లొంగనిది, కాబట్టి నమ్మి అడుగెయ్యొచ్చని అందరికీ గట్టి ధీమా.

పొద్దున ఉప్పు చాయ్ పోసిస్తూ అక్క ఫిజ్జా తొందరపెట్టింది. "చీకటి పడేదాకా అక్కడే పాతుకుపోకు బాకిర్. జోమోలు తాళ్ళు తెంపుకుంటున్నాయి. నేనూ అంతే."

ఆమె తొందర అతనికి తెలుసు. ఇంట్లో కోడళ్ళ పెత్తనం. పొయ్యి దగ్గర కూడా ఆమెకు చోటు లేదు. ఆవలి గుడిసెలో మాత్రం ఆమెదే రాజ్యం. ఏడాదంతా ఆమె ఓర్చుకునేది ఆ వేసవి కోసమే.

ఊరి చివర కుర్రాడు జవాద్ అడ్డం తగిలి వేళాకోళమాడాడు. "ఏం తాతా, నిరుటి గుట్టలు చెక్కుచెదరలేదటగా. ఈ ఏడు కూర్చుని తినడమే నీ పని."

"కూర్చుని తినడం నీకొచ్చిన పనిరా," అని బాకిర్ నవ్వేశాడు.

జవాద్ మాట ఇప్పుడు మంచు మధ్యలో గుర్తొచ్చి, చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. నిజమే, నిరుడు పెట్టిన గుట్ట నిరుడు పెట్టిన చోటే ఉంది. ఎదుటి కొండ మీది ఎర్రచారకు సూటిగా, వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది.

వెనకటి రోజుల్లో అలా ఉండేది కాదు. పెట్టిన గుట్టలు మరుసటేడుకి ఓ గోధుమ చేనంత దూరం దిగువకు జారిపోయేవి. కింద మంచు నడుస్తుంటే పైన రాళ్ళూ దానితోపాటే పోయేవి. అందుకే ఏటా కొత్త దారి వెయ్యాల్సి వచ్చేది. పెళ్ళయిన ఏడు అతనూ బతూలూ కలిసి ఓ గుట్ట పేర్చారు. ప్రతి వేసవీ అది ఎంత దూరం పోయిందో వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు. "మన గుట్ట నీకంటే హుషారుగా నడుస్తోంది," అని బతూల్ ఏడిపించేది. ఆ రోజులెంత బాగుండేవి. ఆమె పోయి చాలా కాలమైంది. ఆమె ఉన్నన్నాళ్ళూ మంచు నడిచింది. ఆ తర్వాత ఏటికేడు దాని నడక తగ్గుతూ వచ్చింది.

గుట్ట దాటి ముందుకెళ్ళాడు. నిరుడు గుంట ఉన్న చోట ఇప్పుడు చెరువంత నీళ్ళు. ఆ పక్కన మట్టి విరిగిపడి, నీలంగా మంచు గోడ బయటపడింది. దాని మీంచి రాళ్ళు ఒక్కొక్కటే నీళ్ళలోకి జారుతున్నాయి. కాళ్ళ కింద ఎక్కడో నీరు పారే చప్పుడు. దుప్పటి నిండా కప్పుకున్న మనిషి నిద్రపోతున్నాడో పోయాడో పైకి తెలియనట్టే, ఈ రాళ్ళ కింద మంచు ఎప్పుడు చచ్చిందో ఎవరికీ తెలియలేదు. నీళ్ళు కట్ట తెంచుకున్న రోజున దారిలో ఎవరున్నా మిగలరు.

చుట్టు తిప్పి దారి వెయ్యొచ్చు, ఈ ఒక్క ఏడు గడిస్తే చాలుననుకున్నాడు. రెండు రాళ్ళు పేర్చాడు కూడా. మూడోది ఎత్తబోతే కాలికింద నేల కొద్దిగా దిగబడింది. అతను వెనక్కి తిరిగాడు.

ఒడ్డున మొదటి గుట్ట మీద తెల్లరాయి పెడితే దారి తెరిచినట్టు. గుట్ట కూల్చేస్తే మూసినట్టు. ఊరు పుట్టాక కూల్చినవాడు లేడు. ఫిజ్జా జోమోలతో, మూటాముల్లెతో అక్కడే నిలబడి ఉంది. బాకిర్ ఆమె కళ్ళలోకి చూడలేక వంగి, ఒక్కో రాయీ తీసి కింద పడేశాడు.

"నాన్నయితే ఈ పని చేసేవాడా?" అంది ఫిజ్జా.

"నాన్న నడిచే మంచును చూశాడు అక్కా. ఇది నడవటం లేదు, లోలోపలే కరిగిపోతోంది."

"కాస్త చుట్టు తిరిగి పోతాను."

"పోలేవు. నేనే పోలేకపోయాను." అతను చివరి రాయి కూడా తీసి పడేశాడు. "నాకు మాత్రం లేదా పోవాలని? బతూల్ నవ్విన చోటది."

ఫిజ్జా చాలాసేపు ఆవలి ఒడ్డు వైపు చూసింది. తర్వాత ముందున్న జోమో మెడ మీద చెయ్యి వేసి ఊరి వైపు తిప్పింది. మిగతావి దాని వెంట నడిచాయి. నాలుగడుగులు వేశాక, తనలో తాను అనుకున్నట్టు అంది:

"వెన్న తీసే తిత్తి అక్కడే ఉండిపోయింది."

ఆవలి ఒడ్డు మీద, తలుపు మూసిన రాతి గుడిసెలో, మళ్ళీ వేసవికి అందేలా ఆమె చేతి ఎత్తున దూలానికి కట్టి వచ్చిన మేకతోలు తిత్తి, తెరిచిన మూతితో, ఖాళీగా వేలాడుతోంది.