లేని మనిషికి ప్రార్థన

అచ్చియమ్మ సత్తు గిన్నెలో చోడి అంబలి పోసి, మూత పెట్టి, పాత గుడ్డలో మూట కట్టింది. పుస్తకానికి వేరే గుడ్డ. అంబలి గుడ్డ మీద ఎన్ని మరకలు పడ్డా ఆమెకు పట్టింపు లేదు గానీ, పుస్తకం గుడ్డ మీద చేయి వేసే ముందు మాత్రం అరచేతులు చీరకు తుడుచుకుంటుంది. అంబలి నెత్తిన, పుస్తకం చంకన పెట్టుకుని, తడిక దగ్గరకి వేసి కాఫీ కళ్లానికి బయల్దేరింది.

పొట్టి మనిషి. ముంజేతుల మీద పచ్చబొట్లు, ముక్కుకు ఒకప్పుడు బేసర్లు వేలాడిన రంధ్రాలు. కళ్ల శిబిరంలో ఇచ్చిన అద్దాలు ఆమె చూపుకు కుదరలేదు. అద్దాలను మార్చేవాళ్లు లేరు కనుక ఆమే మారింది. పుస్తకాన్ని చేతులు చాచి దూరంగా పట్టుకుని చదవడం అలవాటు చేసుకుంది. చూసేవాళ్లకి అది దర్జాగా కనిపిస్తుంది. ఆమెకూ ఆ సంగతి తెలుసు.

వాగు దాటేసరికి నతానియేల్ పాస్టరుగారు మోపెడ్ ఆపుకుని నిలబడి ఉన్నారు. కుర్రాడు. తణుకు వైపు నుంచి ఈ కొండలకి వచ్చి ఏడాది కాలేదు.

"ఆ జీవిత అనే ఆవిడ ఎవరమ్మా?" అన్నారు, వందనాలైనా చెప్పకుండా.

అచ్చియమ్మ నెత్తిన గిన్నె సర్దుకుంది. ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుందని ఆమెకు తెలుసు.

జరిగింది ఇది. కిందటి నెలలో ఒక ఆదివారం, ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు కళ్లంలో పనిచేసే బేబి లేచి నిలబడింది. జీవిత కొడుక్కి జ్వరం దిగడం లేదని, మొగుడు వదిలేసి పోయాడని, ఆసుపత్రి దుప్పట్లు ఉతుక్కుని బతికే ఆడకూతురని చెప్పి బావురుమంది. వెనక వరసల్లో ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరుగారికి మనసు కరిగింది. పేరు పెట్టి, మోకాళ్లూని, చెంపలు తడిసేలా ప్రార్థించారు. మర్నాడే కళ్లంలో గింజలేరే ఆడవాళ్లకి అచ్చియమ్మ చదివి వినిపించిన అధ్యాయంలో పిల్లవాడికి జ్వరం దిగింది. ఇంకేం కావాలి? మరుసటి ఆదివారం బేబి కృతజ్ఞతార్పణగా పెద్ద ఆనపకాయ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత పాస్టరుగారు తల్లీకొడుకుల్ని పలకరించి వద్దామని ఊరూరా తిరిగారు. ప్రతి ఊళ్లోనూ "ఇక్కడ గాదు, పై ఊరు" అన్నారు. ఆఖరికి కళ్లం ముందరి టీ బడ్డీలో, జీవిత కథలో మనిషన్న అసలు సంగతి తెలిసింది. పాస్టర్ల కూడికలో ఎవరో ఈ మాట ఎత్తితే పెద్దవాళ్లంతా టీ ఒలికేలా నవ్వారట.

"ఆ ఆనపకాయ కూర నేను తిన్నాను కూడానమ్మా," అన్నారు పాస్టరుగారు. కోపంగా అనబోయారు గానీ మాట దీనంగా వచ్చింది. "ప్రార్థన అంటే ఆటా? లేని మనిషి కోసం దేవుణ్ణి అడగడమేమిటి?"

"నానెప్పుడూ ఉన్నాదని సెప్పలేదు అయ్యగారూ."

"లేదనీ చెప్పలేదు కదా."

అచ్చియమ్మ చంకలో పుస్తకాన్ని ఇంకాస్త దగ్గరగా నొక్కుకుంది.

"ఆదివారం లోపు నువ్వే చెప్పు. లేకపోతే గుళ్లో అందరి ముందూ నేను చెప్పాల్సి వస్తుంది," అని ఆయన మోపెడ్ తొక్కుకుంటూ వెళ్లిపోయారు.

తోట అంచున సిల్వర్ ఓకు చెట్టు కింద రాయి మీద ఆమె కూలబడింది. పుస్తకం విప్పింది. ఈ రోజు చదవాల్సింది ఆఖరి అధ్యాయం. ఇన్నాళ్లూ ఆమె ఒక్క పేజీ కూడా ముందు చూడలేదు. వినేవాళ్లతో పాటే తనూ తెలుసుకోవాలన్నది ఆమె పెట్టుకున్న కట్టుబాటు. ఇవాళ దాన్ని తప్పింది. పెదాలు కదుపుతూ ఆఖరి వరకూ చదివి, పుస్తకం మూసింది. జీవిత చచ్చిపోయింది.

ఇప్పుడేం చేయాలి? లేదని ముందే చెబితే ఆ చావుకి విలువేముంది, ఎవరు వింటారు? చెప్పకుండా చదివితే సొంత మనిషి పోయినట్టు ఏడుస్తారు. ఆదివారం గుళ్లో పాస్టరుగారి నోట నిజం వింటారు. అప్పుడు అచ్చియమ్మ మొహాన ఉమ్మినా ఉమ్ముతారు. ఎటు చూసినా పోయేది తన చదువరి పీటే. ఆ పీట తప్ప ఆమె బతుకులో చెప్పుకోదగ్గది మరొకటి లేదు.

పోడు కొట్టింది. పెళ్లాడింది. మొగుణ్ణి చలిజ్వరం తీసుకుపోయింది. పుట్టిన ఇద్దరు పిల్లల్లో బతికిన పిల్ల పాచిపెంట వైపు కాపురానికి పోయింది. ఈ కొండల్లో ఏ గుమ్మం ముందు ఆగి అడిగినా ఇదే కథ చెబుతారు. ఆమెది మాత్రమే అనదగ్గది చదువు. తొంభైల్లో సాయంత్రం బడి పెట్టి పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పినప్పుడు, సంతకం రాగానే అందరూ లేచిపోయారు. అచ్చియమ్మ కూర్చునే ఉంది. ఆ తర్వాత బస్సు బోర్డులు, సబ్బు కాగితాలు, గోడల మీద ఓట్ల రాతలు, పాటల పుస్తకం, పెద్దక్షరాల బైబిలు. అక్కడితో పుస్తకాలు అయిపోయాయనే అనుకుంది. లోకంలో ఇంకా ఉన్నాయని ఆమెకెవరు చెప్తారు?

సంతలో ఎండుచేపల దుకాణం పక్కన లాజరస్ అనే ముసలాయన టార్పాలిన్ పరిచి క్రైస్తవ పుస్తకాలు అమ్మేవాడు. ఆయన దగ్గర ఏ పుస్తకం తెరిచినా ముందు ఎండుచేపల వాసన, తర్వాత వాక్యం. ఒకసారి సన్నటి పుస్తకమొకటి తీసి తెరిచింది. చిన్న చిన్న వరసలు. కూడబలుక్కుని చదివింది.

*ప్రభువా, చోళ్ల చేనులో నేను వంగినప్పుడు*
*నువ్వు కూడా వంగుతావా?*
*నా నడుము నొప్పి నీ నడుముకు తెలుసా?*

"ఇది పాటా?" అని అడిగింది.

"పాట కాదమ్మా, కవిత్వం. కొత్తగా వచ్చింది."

అచ్చియమ్మ మళ్లీ చదివింది. చోళ్లు! తను చిన్నప్పటి నుంచీ కలుపు తీస్తున్న చోళ్లు అచ్చులో పడ్డాయి. దేవుడితో చోళ్ల మాట కూడా మాట్లాడొచ్చన్నమాట. సంత మధ్యలో నిలబడి, పక్కన చేపల బేరం సాగుతుండగా, ఆమెకు ఒళ్లు ఝల్లుమంది. అమ్మకానికి తెచ్చిన కొండచీపుళ్ల కట్ట ఆయన చేతిలో పెట్టి ఆ పుస్తకం పట్టుకొచ్చేసింది. ఇంటికి ఉప్పు లేకుండా వచ్చిందని గుర్తొచ్చింది కుండ పొయ్యి మీద పెట్టాకే. ఆ తర్వాతి సంతల్లో చీపుళ్లు కథల పుస్తకాలయ్యాయి. జీవిత కథ అలా వచ్చిందే.

రాయి మీద నుంచి లేచేటప్పటికి ఆమె మనసు స్థిరపడింది. చదివేది తను. దాచిపెట్టి చదవడం తన వల్ల కాదు.

కళ్లంలో ఆడవాళ్లు అప్పటికే చేటలు ముందు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. తొక్క ఒలిచిన కాఫీ గింజల్లోంచి నల్లవి, విరిగినవి ఏరి పారేయడం వాళ్ల పని. ఎవరు ఏరింది వాళ్లకి సాయంత్రం తూకం వేస్తారు. చదివే మనిషి ఏరలేదు కనుక, చదువు మొదలయ్యే ముందు ప్రతి ఒక్కరూ తాము ఏరిన దాంట్లోంచి చారెడు తీసి అచ్చియమ్మ చేటలో పోస్తారు. ఎవరూ పెట్టిన రూలు కాదు, అలా పడిపోయింది. చారెడు పడితే "ఇక సదువు" అని అర్థం. మేస్త్రీ బుజ్జిబాబు మొదట్లో అరిచాడు. ఊసులు తగ్గి పని పెరిగిందని గమనించాక నోరు మూసుకున్నాడు. ఈ మధ్య బస్తాల వెనక నిలబడి లెక్క చూసుకుంటున్నట్టు నటిస్తూ తనూ వింటున్నాడు.

అచ్చియమ్మ కూర్చోలేదు.

"ఒక మాట సెప్పాల," అంది. "జీవిత ఉన్నాది గాదా. ఆ మనిసి లేదు. ఎక్కడా లేదు. ఎవరో కూకుని రాసినారు."

చేటల చప్పుడు ఆగింది.

"లేదంటే ఏటప్పా? సచ్చిపోనాదా?" అంది బేబి.

"సావాలంటే ముందు పుట్టాల గాదేటే. పుట్టనే లేదు. కట్టిన కత అది."

"మరి నా ఆనపకాయ?"

ఎవరూ నవ్వలేదు. బేబి మొహం ఎర్రబడింది. ఒకరి మొహం ఒకరు చూసుకుని, మళ్లీ తలలు వంచుకుని గింజల్లో వేళ్లు పెట్టారు. అచ్చియమ్మ చేట ఖాళీగానే ఉంది. ఒక్క గింజ పడలేదు.

ఆమె కూర్చుంది. పుస్తకం గుడ్డ ముడి విప్పకుండానే పక్కన పెట్టి, బస్తాలోంచి గింజలు చేటలోకి దించుకుని తనూ ఏరడం మొదలుపెట్టింది. చాలా రోజుల తర్వాత చేస్తున్న పని, వేళ్లు తడబడ్డాయి. నల్ల గింజ ఏదో మంచి గింజ ఏదో తెలియకుండా కళ్లల్లో నీళ్లు అడ్డం పడ్డాయి. తుడుచుకుంటే చూస్తారని తుడుచుకోలేదు. నిజం చెప్పినందుకు బాధ లేదు. బాధంతా పీట పోయినందుకే.

పొద్దు నడినెత్తికి వచ్చింది. అంబలి తాగడం కూడా ఎవరి మానాన వాళ్లకే అయింది.

వరసలో అందరికన్నా పెద్దది రత్నాలు. గుడికి రాదు. ఆమెకు కొండ మీది అమ్మవారే దేవత. చదువు వినేటప్పుడు మాత్రం అందరికన్నా ముందు కూర్చుంటుంది. ఆమె ఉన్నట్టుండి నోరు తెరిచింది.

"అచ్చీ. గుంటడికి జొరమొచ్చినప్పుడు ఆ తల్లి తడిగుడ్డేసి, తెల్లారేదాకా ఆడి అరికాళ్లు రాసుకుంటూ కూకున్నాదని సదివినావు గాదా."

"అవును పిన్నీ."

"మా పెద్దోడు పోయినప్పుడు నానూ అలాగే కూకున్నాను. అరికాళ్లే రాసినాను. నానెవులికీ సెప్పలేదు. నీకు గూడా సెప్పలేదు. మరి రాసినోల్లకెలా తెలిసినాది?"

అచ్చియమ్మ చేతిలో నల్ల గింజను పక్కన పడేసింది. "ఆల్లింట్లో గూడా ఎవులో అలాగే కూకుని ఉంటారు పిన్నీ," అంది.

రత్నాలు ఆ మాట నమిలి మింగినట్టు కాసేపు దవడ ఆడించింది. ఆ తర్వాత తన చేటలోంచి చారెడు గింజలు తీసి అచ్చియమ్మ చేటలో పోసింది.

"లేకపోతే లేదులేయే. సదువు. ఏటైందో బేగి సెప్పు."

ఆ పక్కావిడ చారెడు పోసింది. తర్వాత మరొకరు. బేబి మూతి ముడుచుకునే పోసింది గానీ, చారెడుకు బదులు దోసెడు పోసింది. చేటలో గింజలు పడుతున్న చప్పుడు వింటూ అచ్చియమ్మ పుస్తకం గుడ్డ విప్పింది. అబద్ధమని తెలిసి కూడా వింటామంటున్నారు! ఇంతకన్నా పెద్ద పీట ఏ రాణీకి వేస్తారు? చేతులు చాచి పుస్తకాన్ని దూరంగా పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం చదివినట్టు ఆమె ఎన్నడూ చదవలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. పిల్లవాడు బడికి పోతూ వెనక్కి తిరిగి చూసినచోట గొంతు తగ్గించింది. జీవిత ఆఖరి దుప్పటి తీగ మీద ఆరేసి, అంచులు లాగి సర్ది, అలసటగా గోడకు చేరగిలబడి కూర్చుంది. పిల్లవాడు బడి నుంచి వచ్చి, అమ్మా, అని పిలిచాడు. దుప్పటి గాలికి ఆడుతోంది. మళ్లీ పిలిచాడు. అచ్చియమ్మ పుస్తకం మూసింది.

బేబి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని వెక్కుతోంది. కాసేపటికి రత్నాలు తన చేటలో గింజలు బస్తాలోకి ఒంపి, చేట బోర్లించింది. వాళ్ల ఊళ్లలో చావు కబురు విన్న పూట పని ముట్టరు. ఒకరి తర్వాత ఒకరు అందరూ చేటలు బోర్లించారు.

బుజ్జిబాబు బస్తాల వెనక నుంచి వచ్చాడు. "ఇదేటి? ఇంకా బోలెడు పొద్దుంటేను!"

"జీవిత పోనాది," అంది రత్నాలు.

"ఆ మనిసి లేదని పొద్దున్నే సెప్పింది గాదేటి?"

"సెప్పినాది. ఇప్పుడు పోనాది."

బుజ్జిబాబు బస్తా మూతి కుట్టే పని పెట్టుకుని అటు తిరిగి, గట్టిగా ముక్కు చీదాడు.

రత్నాలు పొద కొమ్మ నుంచి అడ్డాకులు తెంపి, పుల్ల గుచ్చి దొప్ప కుట్టింది. పోయినవాళ్లకి ఊరి దారి మొదట్లో ఆ పూట తిండి పెట్టాలి. ఆమె గిన్నెలో అంబలి అయిపోయింది. అచ్చియమ్మ తన గిన్నె ముందుకు జరిపింది.

"మనం కిస్టియన్లం గాదా అప్పా, పెట్టొచ్చా?" అని బేబి చెవిలో అడిగింది.

అచ్చియమ్మ ఆలోచించింది. "పెడతన్నది రత్నాలు పిన్ని. అంబలి మాత్రమే నాది," అంది.

పొద్దు వాలే వేళ పాస్టరుగారి మోపెడ్ వచ్చింది. ఆడవాళ్లు మూటలు సర్దుకుని వెళ్లిపోతున్నారు. కళ్లన్నీ ఉబ్బి ఉన్నాయి. ఆయన మొహం పాలిపోయింది.

"చెప్పలేదా అమ్మా?"

"సెప్పినాను అయ్యగారూ. సదవకముందే సెప్పినాను." అచ్చియమ్మ తల ఎత్తే ఉంది. "సెప్పినాకే ఏడ్సినారు."

ఆయన మోపెడ్ ఇంజను ఆపారు. వెళ్తున్న ఆడవాళ్లని, అచ్చియమ్మ చంకలో పుస్తకాన్ని మార్చి మార్చి చూశారు. ఆయన కూడా ఆ జీవిత కోసం మోకాళ్లూని ఏడ్చినవాడే కదా.

"ఆవిడ... ఎలా పోయిందమ్మా?" అన్నారు, గొంతు తగ్గించి.

పుస్తకం ఆయన చేతికి ఇచ్చి చదువుకోమనవచ్చు. అచ్చియమ్మ ఇవ్వలేదు. దారిలో నిలబడే, చూడకుండా, దుప్పటి ఆరేసిన దగ్గర నుంచి పిల్లవాడు రెండోసారి పిలిచేదాకా మొత్తం చెప్పింది. ఆయన చేతులు కట్టుకుని విన్నారు. మోపెడ్ తిప్పుకునేటప్పుడు చక్రం తగలకుండా కిందికి చూసుకుని, పక్కకి జరిపి తీసుకువెళ్లారు.

దారి మొదట్లో దొప్ప నిండా అంబలి ఉంది. మీద ఇంకో అడ్డాకు మూత వేసి, గాలికి ఎగరకుండా చిన్న రాయి పెట్టారు.