లప్పం పెట్టని తలుపు

అప్పలస్వామి కుడి అరచేతికి పాత పంచె గుడ్డ చుట్టుకుని కారు ముందు భాగం మీద మెల్లగా జరిపాడు. చేతికీ రేకుకీ మధ్య గుడ్డ ఉంటేనే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. వట్టి చెయ్యి అబద్ధం చెబుతుంది, గుడ్డ చెప్పదు. ముప్ఫై ఏళ్ళ పనిలో అతను నమ్మింది అదొక్కటే. కళ్ళు మూసుకుని హెడ్‌లైటు గుంత దగ్గర నుంచి బానెట్టు అంచు, మడ్‌గార్డు దాటుకుంటూ వచ్చాడు. ఎడమ తలుపు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తీసేశాడు. అక్కడేముందో అతనికి తెలుసు.

నరసన్నపేట దాటాక హైవే పక్కనే వాళ్ళ షెడ్డు. ఒక సగం అప్పలస్వామిది, సొట్టలు తీసే టింకరింగ్ పని. రెండో సగం ఉమాశంకర్‌ది, పెయింటింగ్. మధ్యలో గోడ లేదు, ఒక పాత టార్పాలిన్ వేలాడుతుంటుంది. ఆ కారు రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, ఇంగ్లీషువాళ్ళ దేశంలో తయారైంది, అప్పలస్వామి పుట్టిన ఏడాదిదట. ఊళ్ళో బట్టల కొట్టు జయకృష్ణ దాన్ని కలకత్తాలో కొని లారీ మీద తెచ్చాడు. వచ్చినప్పుడు దాని అడుగు భాగం చేత్తో ముట్టుకుంటే అప్పడంలా విరిగింది. తుప్పు పట్టిన చోటల్లా కోసి, కొత్త రేకు కత్తిరించి, అతికించి, కొట్టి నిలబెట్టింది అప్పలస్వామి. వెనక చక్రాల మీది రేకులు బాగా వెడల్పుగా, ఉబ్బెత్తుగా ఉండాలని జయకృష్ణ సరదా పడ్డాడు. అలాంటివి బజారులో దొరుకుతాయా? చింతమొద్దులో గుంత తొలిచి, చదును రేకుని ఆ గుంత మీద పెట్టి, రెండు నెలలు సుత్తితో కొట్టి కొట్టి తీసుకొచ్చాడా వంపు. భుజం ఇప్పటికీ పైకి లేవదు.

జయకృష్ణ పెట్టిన షరతు ఒక్కటే. బండి మొత్తం మీద లప్పం ఉండకూడదు. సొట్ట తీయడం చేతకానివాడు దాని మీద లప్పం మెత్తి, అరగదీసి, రంగేసి నునుపు చేస్తాడు. పైన పటారం, లోన లొటారం. అలా చేస్తే పట్టుకోడానికి జయకృష్ణ జేబులో అయస్కాంతం పెట్టుకు తిరుగుతాడు. రేకు మీదైతే అంటుకుంటుంది, లప్పం మీదైతే జారిపోతుంది.

ఇంత చేసిన అప్పలస్వామి పేరు ఆ కారు మీద ఎక్కడుంటుంది? ఎక్కడా ఉండదు. అదే అతని కడుపులో మంట. ఉమాశంకర్ రంగు వేశాక, సన్న కుంచెతో ఒక మూల 'పెయింటర్ ఉమ, నరసన్నపేట' అని రాసుకుంటాడు. ఇచ్ఛాపురం వైపు పోయే లారీల్లో సగం వాటి వెనక ఆ పేరే. ఒకసారి అప్పలస్వామి భార్య కాంతం పలాస వెళ్ళి వచ్చి, "దారంతా ఉమన్న పేరేనయ్యా. మరి నీ పేరెక్కడ?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. అతను మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ లారీల తొట్లు సరిచేసింది ఎవడు? సొమ్మొకడిది, సోకొకడిది.

పది రోజుల కిందట జయకృష్ణ వచ్చాడు. అప్పటికింకా రంగే పడలేదు, వట్టి రేకు. అయినా ఉమాశంకర్‌ని కారుకి ఆనించి ఫొటో తీసుకున్నాడు. అప్పలస్వామి అప్పుడు కారు కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రం బయటికి కనబడుతున్నాయి. వాళ్ళు వెళ్ళాక లేచి, అప్పటికే పూర్తయిన ఎడమ తలుపు మీద సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. పెద్దది కాదు. కంటికి కనబడదు, మెరుపు లేని ప్రైమరు పూత కింద అసలు కనబడదు. పైన అద్దంలాంటి నీలం రంగు పడిన నాడు మాత్రం కనబడుతుంది. అప్పుడు మాట పడేది పెయింటరే. లేదా ముందే కనిపెట్టి లప్పంతో పూడ్చాడా, అయస్కాంతం జారిపోతుంది, అప్పుడూ మాట పడేది పెయింటరే. ఆ మర్నాడే శ్రీకాకుళం వెళ్ళి కొత్త లప్పం డబ్బా ఒకటి కొనుక్కొచ్చి, ఉమాశంకర్ బల్ల మీద చేతికందేలా పెట్టాడు. ఇంత బుద్ధి తనకెక్కడిదా అని తనకే ఆశ్చర్యం వేసింది.

ఇవాళ రంగు వేసే రోజు. ఉమాశంకర్ దగ్గుకుంటూ వచ్చాడు. ఎండిన చెరకుగడలా ఉండే మనిషి, గోళ్ళ చుట్టూ ఎప్పటిదో ఎర్రరంగు. బకెట్టులో గరుకు కాగితం తడిపి కారుని రుద్దడం మొదలుపెట్టాడు. ఎడమ తలుపు దగ్గర అతని చెయ్యి ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది. టార్పాలిన్ ఇవతల నుంచి అప్పలస్వామి తొంగి చూస్తున్నాడు.

"బావా," అని పిలిచాడు ఉమాశంకర్. చుట్టరికం లేదు గానీ మొదట్నుంచీ అదే పిలుపు. "ఈ తలుపు ఓపాలి సూస్తావేటి?"

"సూసీసినాను. నీ పని నువ్వు సూసుకో."

"ఈ లప్పం డబ్బా ఎవలు తెచ్చినారు?"

"నానే. లారీలకి పనికొస్తాదని."

ఉమాశంకర్ డబ్బా వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, అప్పలస్వామి వైపు కొంచెం ఎక్కువసేపు చూశాడు. "మంచిదిలే," అని మళ్ళీ రుద్దుకోసాగాడు.

మధ్యాహ్నం ఇద్దరూ ఎప్పటిలాగే చింతమొద్దుకి చెరో వైపు కూర్చుని క్యారేజీలు విప్పారు. ఉమాశంకర్ నాలుగు ముద్దలు తిని మూత పెట్టేశాడు.

"ఇదే ఆఖరి బండి బావా. ఊపిరితిత్తులు పాడైపోనాయంట. ఇంక రంగు కొట్టే గన్ను పట్టుకోవద్దన్నాడు డాక్టరు. విజయనగరంలో మా శ్రావణి గోల పెడతన్నాది, వచ్చీ నాన్నా అని. సాయంత్రం బస్సుకి ఎల్లిపోతన్నాను."

అప్పలస్వామి చేతిలో ముద్ద మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఛీ, ఏం పని చేశాను! చేతులు కడుక్కుని సుత్తి తీసుకున్నాడు, రేకు వెనక ఆన్చే ఇనుప దిమ్మ తీసుకున్నాడు. గంట పని. తలుపు లోపలి అట్ట విప్పి, వెనక నుంచి నాలుగు దెబ్బలు వేస్తే సరిపోతుంది. ఊడిన ప్రైమరు మళ్ళీ కొట్టుకోవచ్చు. సాయంత్రం బస్సు కాకపోతే రేపటి బస్సు.

సరిగ్గా అప్పుడే జయకృష్ణ స్కూటరు దిగాడు. చేతిలో అయస్కాంతం, చంకలో ఒక కవరు. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని కారు అంతటా పెట్టుకుంటూ వచ్చాడు. ఎడమ తలుపు మీద కూడా ఠక్కుమని అంటుకుంది.

"భేష్! ఒక్క చోట జారలేదు," అంటూ కవర్లోంచి శాలువా తీసి ఉమాశంకర్ భుజాల మీద కప్పాడు. "మీరు వెళ్ళిపోతున్నారని నిన్ననే తెలిసింది. మా ఊరికే అందం తెచ్చిన చెయ్యి మీది." తర్వాత ఫోను తీసి అప్పలస్వామికి అందించాడు. "మేస్త్రీ, మా ఇద్దరికీ ఓ ఫొటో తియ్యండి. కారు కూడా పడాలి."

అప్పలస్వామి సుత్తి కింద పెట్టి ఫోను అందుకున్నాడు. ఫోనులో వాళ్ళిద్దరూ కనబడ్డారు. వాళ్ళ వెనక తను చింతమొద్దు మీద కొట్టిన వంపు కనబడింది. పోతూ పోతూ కూడా వీడికే శాలువా! ఫొటో తీశాడు. ఫోను ఇచ్చేశాడు. సుత్తి మళ్ళీ తీయలేదు. కడుపులో మంట అతని మంచిబుద్ధిని అప్పడంలా కాల్చేసింది.

రంగు పడింది. నీలం రంగు, దాని మీద మెరుపు పూత. ఉమాశంకర్ ముక్కుకి గుడ్డ కట్టుకుని, ప్రతి వరసకీ ఆగి దగ్గుకుని, మళ్ళీ గన్ను పట్టుకున్నాడు. చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. అప్పలస్వామి అదీ చూశాడు. అంత నిబ్బరంగా వేసే చేతిని చూసి మళ్ళీ కుళ్ళుకున్నాడు.

సాయంత్రం ఎండ ఏటవాలుగా షెడ్డులోకి వచ్చింది. హైవే పక్కన కరెంటు స్తంభాలు తలుపు మీద వరసగా కనబడ్డాయి. అన్నీ నిటారుగా ఉన్నాయి, మధ్యది ఒక్కటి నడుం దగ్గర వంగింది.

జయకృష్ణ వంగి చూశాడు. "ఇదేంటి, ఇక్కడ వంకరుంది?"

పది రోజులుగా అప్పలస్వామి ఎదురుచూసిన మాట అది.

"నా సెయ్యి వణికింది బాబూ," అన్నాడు ఉమాశంకర్. "రంగు మందంగా పడిపోనాది. రేకులో తప్పు నేదు."

జయకృష్ణ మొహం వాడిపోయింది. "విశాఖపట్నం తీసుకెళ్ళిపోదాం అనుకున్న బండండీ ఇది. ఆపింది మీరే కదా. 'అప్పలస్వామి కొట్టిన రేకు మీద నేను లప్పం పెట్టను, పెట్టే అవసరం నా బతుకులో రాలేదు' అన్నారు. ఆ ఒక్క మాట మీద ఇక్కడికి తెచ్చాను. తీరా మీ రంగే..." అని ఆగిపోయాడు. జబ్బు మనిషిని అనలేక ఫోను చూసుకుంటూ బయటికి నడిచాడు.

ఆ మాట అప్పలస్వామి వినడం అదే మొదటిసారి. ఉమాశంకర్ సన్న కుంచె తడుపుకుని నేల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ వెనక మూలన రాసేవాడు, ఇవాళ ఎడమ తలుపు మీద, ఆ వంకరకి సరిగ్గా కిందే రాశాడు. పెయింటర్ ఉమ, నరసన్నపేట.

బస్సు దాకా సంచి అప్పలస్వామే మోశాడు. బస్సు కనబడ్డాక అడిగాడు.

"నీకు తెలుసు కదా. లప్పం పెట్టీలేకపోయావా?"

"నీ రేకు మీదా?" ఉమాశంకర్ నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "నానెల్లిపోతన్నాను. నువ్వింకా ఈ ఊళ్ళో పని సేసుకుని బతకాల కదా బావా."

బస్సు కదిలింది.

ఇరవై రెండో రోజున శ్రావణి ఫోను చేసింది. నాన్న తెల్లారగట్ల నిద్రలోనే పోయాడంది. జయకృష్ణ తన కొట్లో ఫొటో కట్టించి దండ వేశాడు. అప్పలస్వామి తీసిన ఫొటోయే, అందులో ఉమాశంకర్ ఒక్కడినే ఉంచి. చచ్చి కూడా గోడెక్కాడు వీడు అనుకున్నాడు అప్పలస్వామి. అనుకున్నందుకు చెంపలు వేసుకున్నాడు, కొట్టు బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు కూడా.

తర్వాత లోపలికెళ్ళి, "బాబూ, ఆ తలుపు ఓపాలి నాకియ్యండి, సరిసేసిస్తాను," అని బతిమాలాడు.

"వద్దు మేస్త్రీ. ఆయన ఆఖరి పని. చెయ్యి వణికినా ఆయన చెయ్యే కదా. ఎవర్నీ ముట్టుకోనివ్వను."

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. మింగలేక, కక్కలేక నిలబడి, చివరికి మింగేశాడు.

షెడ్డుకి వచ్చి టార్పాలిన్ పక్కకి తీశాడు. ఉమాశంకర్ గన్ను, కుంచెలు శ్రావణి పట్టుకెళ్ళిపోయింది. ఖాళీ బల్ల మీద, తను శ్రీకాకుళం నుంచి తెచ్చిన లప్పం డబ్బా ఒక్కటే మిగిలింది, మూత తీయకుండా.