ఆరోగ్యమ్మ బేసిను

నేను ఒక ఇత్తడి బేసిన్ని. అజ్జరంలో సుత్తి దెబ్బలు తిని పుట్టాను. ఏ పెళ్ళిలోనో పన్నీరు పోస్తారని ఆశపడ్డాను గానీ, గుంటూరు దగ్గర ఒక కుష్ఠు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే ఆరోగ్యమ్మ చేతిలో పడ్డాను. పొద్దున్నే నాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, నేలమీద చతికిలబడి, రోగుల కాళ్ళ పుళ్ళు కడిగేది. మొదట్లో నాకు రోత పుట్టింది. ఆమెకు పుట్టలేదు.

"నెప్పిగా ఉందా ఇన్నయ్య మావా?" అని అడిగేది.

"నెప్పి తెలిస్తే ఇంకేం కావాలి తల్లీ!" అని ఆ ముసలాయన నవ్వేవాడు.

ఆమె తమ్ముడు బాలశౌరి చిత్రకారుడు. తల్లి పోయాక ఆమే పెంచింది. ప్రభువు శిష్యుల పాదాలు కడిగే పటం ఒకటి చర్చికి వేసిమ్మని అతన్ని అడిగారు. ప్రభువు ముఖం ఇట్టే కుదిరింది. చేతులు మాత్రం ఎన్నిసార్లు గీసినా దీవించే చేతులే వచ్చాయి గానీ, కడిగే చేతులు రాలేదు. చివరికి ఆసుపత్రికొచ్చి అక్క ఎదుట కూర్చున్నాడు. నీళ్ళలో నాని ముడతలు పడ్డ వేళ్ళు, వంకర తిరిగిన బొటనవేలు ఉన్నదున్నట్టు దించాడు. నన్నూ దించాడు.

"ఈ చేతులెవరివో పండగనాడు అందరి ముందూ నేనే చెబుతానక్కా. ఇన్నయ్య మావ కాళ్ళు కూడా ఫాదర్‌గారే కడుగుతారు," అన్నాడు.

ఆ మాట నమ్మి, ప్రభువు కడిగినట్టే ఫాదర్‌గారు పన్నెండుమంది కాళ్ళు కడిగే పవిత్ర గురువారం నాడు ఆరోగ్యమ్మ ఇన్నయ్యను వెంటబెట్టుకుని చర్చికి వచ్చింది. పెద్దలు ఆయన్ను వరండాలోనే ఆపేశారు. బాలశౌరి ముందే అడిగి తెచ్చిన నేను అప్పటికే లోపల గులాబీ రేకులతో సింగారించుకుని ఉన్నాను. ఇంట్లోనే సబ్బుతో రుద్దుకుని వచ్చిన పన్నెండుమంది పెద్దమనుషుల పాదాల మీద ఫాదర్‌గారు తలా కాసిని నీళ్ళు ఒలికించారు. తువ్వాలుకు మరకైనా అంటలేదు.

పూజ అయ్యాక ఆయన పటం వంక చూసి, "ఏం చేతులయ్యా శౌరీ! ఎవర్ని చూసి వేశావు?" అన్నారు.

ఆరోగ్యమ్మ స్తంభం పక్కనే ఉంది. బాలశౌరి ఆమెను చూశాడు. పెద్దలనూ చూశాడు. కుష్ఠు ఆసుపత్రి ఆయా చేతులంటే వీళ్ళు ఆ పటానికి మొక్కుతారా?

"ఎవర్నీ చూళ్ళేదండీ. ప్రార్థనలో కనబడినయ్."

ఆరోగ్యమ్మ నన్నెత్తుకుని వరండాలోకి వెళ్ళి, ఇన్నయ్య కాళ్ళు కడిగింది. అంతలో తమ్ముడు వెనకాలే వచ్చాడు.

"అక్కా, అదీ..."

"చెప్పులిప్పు."

"వద్దక్కా."

"ఇప్పరా. చిన్నప్పట్నించీ నేను కడిగిన కాళ్ళే గదా."

కడిగింది. ఇప్పుడైనా లోపలికెళ్ళి చెబుతాడనుకున్నాను. ఇంతలో మైకులో అతని పేరు పిలిచారు. శాలువా కప్పడానికి. తడికాళ్ళతోనే వెళ్ళి కప్పించుకున్నాడు.

ఆరోగ్యమ్మ నీళ్ళు పారబోసి, నన్ను గుమ్మం పక్కన బోర్లించి, ఇన్నయ్య చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ నాకోసం రాలేదు.

ఇప్పుడు పటం కింద అద్దాల పెట్టెలో ఉన్నాను. పూలు పెడతారు, కళ్ళకద్దుకుంటారు. నీళ్ళు మాత్రం ఎవరూ పోయరు. అక్కడ ఆసుపత్రిలో ఆమె దేంట్లో కడుగుతోందో నాకు తెలియదు.