పొత్రం పడుకున్న తొట్టెల

సున్నం రాలుతోంది.

సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా గోడ నుంచి తెల్లటి పొడి... మంచం మీద, దుప్పటి మీద, సుగుణ రెప్పల మీద.

ఎల్లయ్య గోడకు కొండీ కొడుతున్నాడు. కూతురు పడుకుని ఊగడానికి తొట్టెల కడతాడట.

భవితకు మూడేళ్ళు నిండాయి. ఇప్పుడా తొట్టెల?

సుగుణ గుమ్మంలో నిలబడి చూసింది. అనుమానం పట్టిన మనిషి మాట్లాడదు. చూస్తుంది.

రెండు వేల రెండు, ఎండాకాలం. మచ్చ బొల్లారంలో వాళ్ళది అద్దె ఇల్లు. ముందు గదిలో పొయ్యి. లోపలి గదిలో మంచం, బీరువా, అవి పోగా మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. ముగ్గురూ ఆ ఒక్క మంచం మీదే సర్దుకున్నారు ఇన్నాళ్ళూ. గోడవైపు ఎల్లయ్య, ఇటు సుగుణ, మధ్యలో భవిత.

మధ్యలో భవిత — అది సుగుణ వేసుకున్న కంచె.

భవిత కాన్పుకే ఆమె చావు తప్పి బయటపడింది. ఇంకో కాన్పును తట్టుకోలేవని డాక్టరమ్మ ముఖం మీదే చెప్పింది. ఆపరేషన్ చేయించుకుంటానని సుగుణ అన్నప్పుడల్లా ఎల్లయ్య చూద్దాం అన్నాడు. గౌడవెల్లిలో ఉండే అత్త సిద్దమ్మ చూద్దాం అని కూడా అనలేదు. ఒక్క మగపిల్లగాడు, అంది. వచ్చినప్పుడల్లా అంది. తిరిగి బస్సెక్కుతూ కూడా అంది.

ఇప్పుడేమో తొట్టెల.

గోడకు చిన్న మేకు కొట్టినా ఊరుకోని ఇంటి ఓనరమ్మ పద్మమ్మను ఎల్లయ్యే వెళ్ళి ఒప్పించి వచ్చాడు. నల్లా నీళ్ళ సంగతి అడగాలన్నా పెళ్ళాన్ని పంపే మనిషి! మేడ్చల్‌లో తను పనిచేసే ఫ్యాక్టరీ నుంచి నైలాన్ తాడు తెచ్చాడు. తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి వెదురు బొంగులు పెట్టాడు. నడుమ మెత్తటి పాత నూలు చీర, రెండు మడతలు వేసి కుట్టినది.

అత్త పంపిన చీర. అదీ చూసింది సుగుణ.

మొదట గోడ నుంచి గోడకు కట్టాడు. తలుపు తీస్తే పిల్ల తలకు తగిలేలా ఉంది. విప్పాడు.

మూల నుంచి మూలకు కట్టాడు. బీరువా తెరుచుకోలేదు. విప్పాడు.

చీర మడిచాడు. బొంగులు దగ్గరకు జరిపాడు. మళ్ళీ మడిచాడు... చివరికి మంచం కాళ్ళవైపు, కిటికీకీ బీరువాకీ మధ్య, గదికి సరిపోయింది తొట్టెల.

పిల్లకు సరిపోలేదు.

పడుకోబెట్టి చూస్తే భవిత కాళ్ళు బొంగు దాటి బయటికి వచ్చాయి. పిల్ల పకపకా నవ్వింది. ఎల్లయ్యా నవ్వాడు. ముడుచుకుని పడుకుంటుందిలే అన్నాడు.

సుగుణకు నవ్వు రాలేదు. ఎవరి కొలత ఇది? ఇంత కురచ తొట్టెలలో పట్టే పిల్ల ఈ ఇంట్లో ఎవరున్నారు? ఎవరూ లేరు. ఇంకా లేరు...

ఆ 'ఇంకా' దగ్గర ఆమె చూపు మంచం మీదికి పోయింది.

ఆదివారం పొద్దున సిద్దమ్మ దిగింది. సుగుణ నల్లా నుంచి బిందెతో తిరిగి వచ్చేసరికి తొట్టెల ఊగుతోంది. కిర్రు... కిర్రు...

భవిత వాకిట్లో ఆడుకుంటోంది. మరి తొట్టెలలో ఎవరు?

వంగి చూసింది.

పొత్రం. పచ్చడి నూరుకునే రాయి. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, గుడ్డ చుట్టి, పసిబిడ్డలా పడుకోబెట్టిన రాయి.

పుట్టిన బిడ్డను మొదటిసారి తొట్టెలలో వేసే ముందు పొత్రాన్ని వేస్తారు. రాయిలా గట్టిగా బతకాలని. భవితకూ వేశారు, మూడేళ్ళ కింద. ఒక బిడ్డకు ఒక్కసారే.

మళ్ళీ వేశారంటే...

బిందె దించకుండానే అడిగింది. కొత్త తొట్టెల గదా, రివాజు, అంది సిద్దమ్మ చూపు కలపకుండా. బరువు ఆగుతదో లేదో చూసినం, అన్నాడు ఎల్లయ్య అదే క్షణంలో.

తల్లిదొక మాట, కొడుకుదొక మాట.

బరువు చూసే రాయికి పసుపు ఎందుకు? రివాజే అయితే, పడుకోవలసిన పిల్లను వాకిట్లో వదిలేయడం ఎందుకు?

సిద్దమ్మ మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. భవిత కాళ్ళు ముడుచుకుని తొట్టెలలో పడుకుంది. ఎల్లయ్య మంచం అంచున కూర్చుని తాడు లాగుతూ ఊపుతున్నాడు. అతని వెనక మంచం మీద, మధ్యలో, ఖాళీ.

సుగుణ ఆ ఖాళీని చూసింది. కోపం రాలేదు. భయం వేసింది, ఉట్టి భయం.

"మీ అమ్మ కొడుకు గావాలన్నదా?"

"అన్నది. నేనైతే ఊఁ అనలే."

"వద్దన్నవా మరి?"

ఎల్లయ్య తాడు లాగుతూనే ఉన్నాడు.

మంచివాడే ఎల్లయ్య. తాగడు, కొట్టడు. ఎవరినీ కాదనలేడు. పెళ్ళాన్ని కాదనలేదు, తల్లిని కాదనలేదు... ఆ మంచితనానికే తన ప్రాణం పోయేలా ఉందని సుగుణకు తెలిసిపోయింది.

"రేపు మేడ్చల్ దవాఖానకు పోతున్న. ఆపరేషన్ జేయించుకుంట. నువ్వొస్తే రా. రాకుంటే నేనొక్కదాన్నే పోత."

తాడు ఆగింది.

తోడు వస్తాడో, తల్లికి కబురు పంపుతాడో... ఆ ముఖం చూస్తే తెలియలేదు.

తొట్టెలలోంచి నిద్రమత్తు గొంతు. "ఊపు, నాయినా."

ఎల్లయ్య చెయ్యి కదలలేదు. సుగుణ ఆ చేతిలోంచి తాడు తీసుకుంది. తనే ఊపుతూ, పొద్దున మేడ్చల్ బస్సు ఎన్నింటికని అడిగింది.

రోజూ ఆ బస్సుకే ఫ్యాక్టరీకి వెళ్ళే మనిషి...

ఇంకా చెప్పలేదు.